వదులు

పర్లాకిమిడిలో మా వీధికి
జుట్టు కాలిన వాసనొకటి ఎప్పుడూ ఉంటుంది,
కొమ్ముని వేడిచేసి వంచేవాళ్ళ వీధి కదా.
ఆ వాసనలో నా కుట్టుమిషను,
పక్కన మా ఆయన ఆకురాయి.
కూర్మారావని పేరెట్టిన మా అత్తకి
ఏటి తెలుసు, పెంకు లోపల్లోపలే పెరుగుతాదని.

ముందు కాళ్ళు.
చెప్పు పట్టీ గుర్తు పొద్దుగూకేసరికి గుంటై మిగిలేది.
తర్వాత పొట్ట.
"తాగుడు. లివరెళ్ళిపోనాది," అంది వీధంతా.
కల్లు వాసనైనా పడని మనిషి
రెండేళ్ళు ఆ మాట కూడా మోశాడు పొట్టతో పాటు.
బరంపురంలో మూడుసార్లు నీళ్ళు తీశారు.
మూడుసార్లూ నిండింది.
నా టేపు అబద్ధమాడదు:
తొంభై ఆరు, నూట రెండు, నూట ఏడు.

పాఢి డాక్టరుగారు పొట్ట చూడలేదు ముందు,
మెడ చూశాడు.
"ఊపిరి లోపలికి తియ్యి."
దిగాల్సిన నరం పైకి లేచింది.
ఫిల్ముని దీపానికి పెట్టి చూపించాడు,
గుండె చుట్టూ తెల్లటి అంచు,
సున్నం కొట్టిన గోడలాగ.
ఇరవై రెండేళ్ళప్పుడు టీబీ వచ్చి
నాలుగు నెలలకే మందులు మానేసిన సంగతి
అప్పుడు గుర్తొచ్చింది ఈయనకి.
"పిండుకోవడం బానే ఉంది దీనికి,
నిండటానికే చోటు లేదు," అన్నాడాయన.
నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.
చంక దగ్గర బిగిసిన జాకెట్లలో
ఎంతమంది ఆడవాళ్ళ ఊపిరి చూశానో.

గుణుపురం పాసింజరెక్కి విశాఖ వెళ్ళాం.
కుట్లు విప్పినట్టే విప్పారుట.
వెనకవైపు, కండకే అతుక్కుపోయిన చోట
ఒక ముక్క అలాగే వదిలేశారు,
లాగితే గుడ్డే చిరుగుతుందని.
ఆ ఒక్క మాటతో ఆ డాక్టరు మీద నాకు గురి కుదిరింది.
నాలుగో రోజు గొట్టం తీయగానే ఈయన
"ఒలిచిందేదండీ? ఇస్తే పాలిష్ పట్టీవోడ్ని."
ల్యాబుకి పోయిందన్నారు.
"కొమ్మైతే వేడికి లొంగును," అన్నాడు,
అని, చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పక్క మంచం సిమియోను రైకా,
గుమ్మ కొండల గుంటడు, పంతొమ్మిదేళ్ళు.
మూడు నెలల్లో కొండెక్కి
పైనుంచి ఫోన్ చేసి తన ఊపిరి వినిపించాడు.
ఎదురు మంచం కాంతామణి టీచరమ్మ.
రొమ్ము క్యాన్సరుకి ఎప్పుడో కరెంటు పెట్టించుకుందట,
పెంకు ఊడింది గాని లోపలి కండే బిగిసిపోయింది.
దీపావళి దాకా ఉంది.
మూడు చీటీల మీదా ఒకటే జబ్బు పేరు.

మాది ఆరో ఏడు.
నిండా మునగలేదు, గట్టూ ఎక్కలేదు.
గుండె తాళం తప్పింది, రెండు దెబ్బలేసి
మూడోది మర్చిపోతుంది.
దానికి రక్తం పలచనయ్యే మాత్ర,
నెలకోసారి శ్రీకాకుళంలో పరీక్ష.
ఉలి గీరుకుంటే రక్తం ఆగదు.
అందుకని ఆయన వేళ్ళకి
పాత జీన్సు గుడ్డతో తొడుగులు కుట్టాను.
అన్నాళ్ళు ఉబ్బి కూచున్న లివరు
గట్టిపడ్డది గట్టిపడ్డట్టే ఉంది.
తరవాణిలో ఉప్పు లేదు.
రోజుకి నాలుగు కొంగలు చెక్కే చెయ్యి
ఇప్పుడొకటి చెక్కుతుంది,
దానికీ ఒక కాలు రేపటికి.

"నయమైనట్టేనా?" అని పాఢిగారిని ఓసారి నిలేశాను.
"నయమనను. నడుస్తుందంటాను.
ఎంత దూరమో మాత్రం అడక్కమ్మా."

ముప్పై ఏళ్ళుగా ఎవరి జాకెట్టైనా
లోపలి మడతలో రెండు వేళ్ళ గుడ్డ వదిలే కుడతాను,
ఒళ్ళు మారితే విప్పుకోడానికి.
ఒంటిని కుట్టినోడికి ఆ బుద్ధి లేకపోయింది.

నిన్న రాత్రి టేపు పెట్టాను.
పోయిన వారం ఎనభై ఏడు.
"ఎంత?" అన్నాడు ఆకురాయి ఆపకుండా.
ఎనభై ఏడే అందామని నోటిదాకా వచ్చింది.
"ఎనభై తొమ్మిది."
"ఐతే రేపట్నుంచి నీళ్ళమాత్ర ఇంకో అర,"
అని కొంగ ముక్కుకి నూనె రాసి
దీపం దగ్గర నిలబెట్టాడు.
ఇంకా ఒక కాలే ఉంది దానికి.