ఏమీ లేని నీళ్లు

కావోష్యుంగ్‌లో తుఫాను వెలిసిన మర్నాడు
కుళాయి నిండా క్లోరిన్ ఘాటు.
స్కూటర్ల మెకానిక్ చింగ్-చ్వాన్
నీళ్ల బంకులో నాణెం వేసి
రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు,
ఒకటి టీకి, ఒకటి రొయ్యలకి.

"మరీ కడిగేసిన నీళ్లివి.
ఏమీ లేని నీళ్లలో
పెంకు కట్టదు"
అంటూ మీటరు ముంచాడు: పదమూడు.
చిటికెడు లవణం కలిపి మళ్లీ ముంచాడు.
నూట ఇరవై.

షట్టరు సగం దించి
గ్రీజు చేతులు మూడుసార్లు కడిగాడు,
సబ్బు లేకుండా.
సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా వదిలి
సెలైన్ ఎక్కుతున్న మనిషి పక్కన కూర్చున్నట్టు
కూర్చున్నాడు.

టీ చల్లారింది.

తెల్లారేసరికి నాచు మీద
గాజు చొక్కా ఒకటి,
మీసాలతో సహా.
విప్పినది ఎక్కడ దాక్కుందో
ఇంకా వెతుకుతున్నాడు.