ఖాళీ ట్రే

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం
స్టూలు లాక్కుని, అట్టకి తగిలించిన కాగితం తీసి అడుగుతాను:
"బస్సెక్కితే కడుపులో తిప్పుతుందా?"

దాలమ్మ నవ్వుతుంది.
"బస్సెక్కడం దాకా ఎందుకు బాబూ,
డీజిలు వాసనొస్తే సాలు.
కాశీబుగ్గ నుంచి సికాకులం దాకా
కవరు మూతికాడే ఎట్టుకొచ్చినాను."

ఆడమనిషైనందుకు ఒక గీత ముందే పడింది.
ఇది రెండోది.

"పొగ తాగుతావా?"
తాగనంది. మూడో గీత.
పక్క మంచం మీద అప్పయ్యమ్మ మాత్రం మొహం అటు తిప్పుకుంది,
అడ్డపొగకి అంగిలంతా నల్లబడ్డ మనిషి.
బయటికి చెప్పకూడని సంగతే గానీ
పొగతాగేవాళ్ళకి ఈ వాంతులు తక్కువ.
నిప్పుని నోట్లో దాచుకున్న ముసలమ్మకి
నా కాగితం మీద ఒక గీత మాఫీ.

"ఇదివరకు ఏదైనా ఆపరేషన్?"

నవ్వు ఆగింది.
"పిల్లల ఆపరేషను.
కోత నొప్పి కాదు బాబూ, అదెంత.
రేత్రల్లా డోకులే.
డోకు డోకుకీ కుట్లు తెగిపోతన్నట్టే.
కడుపులో ఏటుందని? ఒట్టి పసరు.
మా అప్ప నా నుదురట్టుకుని తెల్లార్లూ కూకుండిపోనాది.
నొప్పైతే ఓర్సుకుంతాను.
అదొక్కటీ రాకుండా సూడు."

దీనికి వేరే గీత లేదు.
బస్సు గీత మీదే
ఇంకోసారి గట్టిగా దిద్దాను.
రేపటి నొప్పిమందుకి నాలుగోది.

పొద్దున్న బల్ల మీద
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడ్డ ఆమె వేళ్ళని
క్లిప్పులోని ఎర్రదీపం చదవలేకపోయింది.
చెవితమ్మెకి తగిలించాం.
గ్యాసు వద్దనుకున్నాను,
పాలలాంటి మందుతోనే మొదటినుంచీ చివరిదాకా.
నిద్ర పట్టాకే డెక్సా,
మెలకువలో ఇస్తే చీమలు పాకినట్టుంటుంది.
సర్జన్ కుట్లకి సూది అడిగినప్పుడు
ఆండన్‌సెట్రాన్ మెడ విరిచాను.
చిన్న చప్పుడు,
జీడిపిక్క పగిలినంత.

మధ్యాహ్నం
సర్జన్ గారు సీసాలో రాళ్ళు చూపిస్తే
దాలమ్మ పెనిమిటి పదకొండు లెక్కపెట్టాడు,
ఊరికి ఫోన్ చేసి మళ్ళీ లెక్కపెట్టాడు.
నా దగ్గర చూపించడానికేం ఉంది?
దిండు పక్కన సిస్టర్ సువార్త పెట్టిన స్టీలు ట్రే,
అందులో ఫ్యాను నీడ.

గంట. రెండు గంటలు.
"ఆకలేత్తంది" అంది దాలమ్మ,
తప్పు చేసినట్టు.

అప్పుడే అవతలి మంచం మీంచి
ఆ చప్పుడు.
అప్పయ్యమ్మ.
తలుపు దగ్గరున్నవాణ్ణి పరుగెత్తాను.
గీత తగ్గింది కదాని
ఈమెకి ఒక్క మందే చాలనుకున్నాను.
కాగితం చెప్పింది వందమంది సంగతి,
మంచం మీద ఉన్నది ఒక్కతే.

నేను ఇంకో ఆంప్యూల్ వెతుక్కునేలోపు
నల్లటి వేళ్ళు ట్రేని మంచం అంచుదాకా తోశాయి.

"సిస్టరమ్మా, నాది కాళీయే.
ఆ అప్పకెట్టు.
నుదురట్టుకో అమ్మా,
ఒల్లో, నుదురట్టుకోవాల."