నాలుగు గుండ్రటి దీపాలు

చిలకపాలెం జంక్షన్‌లో, వీల్ అలైన్‌మెంట్ షెడ్డు ముందు
రాత్రి తొమ్మిది దాటాక మా సభ.
ముగ్గురికీ కలిపి ఉన్న బండి ఒకటే, మూడు చక్రాలది.
అది నాది. దాని కిస్తీలు ఇంకా పదకొండు.

కూర్మారావుది జపాన్ పక్షం.
తాబేలు దేవుడి పేరు పెట్టుకుని
వేగం తప్ప ఇంకో మాట ఎరగడు.
"ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకీ బలం.
నువ్వు 'ఏటిరా' అనీలోపు వందలో ఉంటాదిరా జీటీఆర్.
జర్మనీవోడి గుమ్మంలోకెల్లి, ఆడి కొండల్లోనే
ఇరవై కిలోమీటర్ల సుట్టు ఏడున్నర నిమిషాల్లో కొట్టీసింది."

ఏడున్నర నిమిషాలు.
పొందూరు రోడ్డులో గేదెలు దాటడానికే నాకంత పడుతుంది.

నేను పోర్షే మనిషిని.
ఎందుకో చెప్పను గానీ వాళ్లకి తెలుసు:
దానికీ ఇంజిను వెనకే,
నా ఆటోకీ వెనకే.

దాలినాయుడు జీడిపిక్కల మిల్లులో బాయిలర్ మనిషి.
వాడికి కార్వెట్, ఎనిమిది సిలిండర్లు.
"మోత నేకపోతే అది బండేటి, కుట్టు మిషనేటి?"

ఎవరమూ ఒక్కదాన్నీ కంటితో చూడలేదు.
కూర్మారావు ఫోను తెర మీద పగులు
సరిగ్గా బానెట్ మీదుగా పోతుంది.
ఏ కారు పెట్టినా గుద్దేసిన కారే.

పక్క లేత్ షెడ్డు జిలానీ బాబాయి మా వాదంలోకి రాడు.
ముప్పై ఏళ్లుగా బోర్లు కొట్టిన చేతులు,
సబ్బుకి లొంగవు.
ఒకనాడు మాత్రం
ఆ ఇంజినంతా ఒక్క మనిషే బిగిస్తాడట,
బిగించినవాడి పేరు రేకు మీద కొట్టి దానికే అతికిస్తారట
అని కూర్మారావు అంటే
టీ గ్లాసు కింద పెట్టాడు.
"కంపెనీ పేరా?"
"కాదు బాబాయ్, ఆడి పేరే."
ఇంకేం అడగలేదు.

ఆషాఢంలో ఒక రాత్రి
చెన్నై నుంచి కలకత్తా పోయే లారీ టైరు పేలి మా ముందే ఆగింది.
పైన టార్పాలిన్ కింద పడుకున్నట్టు ఒక కారు.
ఎత్తుకి నా నడుం దాటదు.
"హాత్ మత్ లగావ్" అన్నాడు డ్రైవరు, జాకీ దించుతూ.
మేం పెట్టలేదు.
సముద్రం వైపు గాలే పెట్టింది చెయ్యి:
అంచు లేచింది,
రెండు గుండ్రటి దీపాలు,
ఆ పక్కన ఇంకో రెండు.

"జీటీఆర్!" కూర్మారావు గొంతు చీలిపోయింది.
"కాదెహె, నాలుగు గుండ్రాలు కార్వెట్‌కీ ఉంటాయి!"
నిజమే, రెంటికీ ఉంటాయి.
వాళ్లు కొట్టుకునేంత దాకా వచ్చారు.
పోర్షే కాదన్నది ఒక్కటే ఖాయం. నేను నోరు మూసుకున్నాను.

బాబాయి టార్చి పట్టుకుని
లారీ చట్రం సందులోంచి కారు పొట్ట కిందికి చూశాడు,
చాలాసేపు.
"ఏటి బాబాయ్, ఏ బండి?"
టార్చి ఆర్పేశాడు.
"శుబ్బరంగా సేసినాడురా, ఎవడో గానీ."

టైరు మారింది. లారీ వెళ్లిపోయింది.
తగువు మాత్రం దసరా దాకా నడిచింది.

కార్తీకంలో నా ఆటో నల్లపొగ కక్కింది.
బాబాయి బోరు కొట్టాడు, మామూలు కూలే తీసుకున్నాడు.
మళ్లీ గాస్కెట్ కారితే నిన్న నేనే హెడ్డు విప్పాను.
బ్లాకు అంచున, బోల్టు రంధ్రం పక్కన,
పంచితో చుక్కలు చుక్కలుగా
తలకిందులుగా ఒక అక్షరం:
జి.

గుడ్డతో తుడిచి, మూత బిగించేశాను.
వాళ్లిద్దరికీ చెప్పలేదు.
పొద్దున్న పొందూరుకి ఏడుగురు ఎక్కారు,
ఒకామె ఒళ్లో పత్తి మూట.
"బేగి పోనీ బాబూ" అంది.
పోనిచ్చాను.