అతుకు

మేం కూనపులోళ్లం.
శాలోళ్ల వాడకట్టుల పటం కట్టి
మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్పి
గింజలో గుడ్డలో తెచ్చుకునేటోళ్లం.
నా చేతికి కర్ర వచ్చిన నాటి పటం
చేర్యాలల రాసింది,
మూసి పొంగి పట్నం మునిగిన ఏడు.

బయానా ఇచ్చినం, యాటను కోసినం,
నలభై మూరల గుడ్డ అప్పజెప్పినం.
నకాషి ఈరయ్య మూడు వరుసలకు గీత గీసి
గత్తరల పోయిండు.

పైసలు వాపస్ అడుగుదామని మా నాయిన పోతే
ఇంట్ల చింతగింజలు ఉడుకుతున్న వాసన.
ఈరయ్య పెండ్లాం అండాలు
పొయ్యి మీదికెళ్లి చూపు తియ్యకుంటనే అన్నదట:
"గుడ్డకు అంబలి పట్టించింది నేను.
సుద్ద నూరింది నేను, శంఖం కాల్చింది నేను.
ఆయన గీసినంక రంగు నింపింది నేను.
గీత ఒక్కటేనా నాకు రానిది?
దసరాకు రాండ్రి."

పోయినం.
ఎర్రటి నేల. ఇంగిలీకం ఇంక ఆరలేదు.
కాలవాసురుని కోరలు, పులి మీద రుషి,
ఉడుత తోక కుంచెతోని
పోగుకు పోగు విడిగ గీసిన మగ్గం.
అందరున్నరు.
ఎవ్వలికీ కండ్లు లేవు.

కండ్లు తెరిచే పని ఆడిదానిది కాదన్నరు పెద్దలు.
ఈరయ్య తమ్ముడు తానం చేసి వచ్చిండు.
ఒక్క పొద్దుల అందరికీ కండ్లు పెట్టిండు,
శెల్ల కప్పించుకున్నడు.
మగ్గం కాడ ఒక్క బొమ్మ దగ్గర ఆగిండు.
కుంచె ముంచి, పైకి లేపి, మల్ల దించిండు.

ఆ బొమ్మ మనకు వీపు పెట్టి కూసున్నది.
కొప్పు, మెడ మీద నల్లపూసల ముడి, ఒక మోచెయ్యి.
పటంల వీపు చూపే బొమ్మను
మా ఇండ్ల ఎవ్వలు సూడలే.

చుట్టి ఇచ్చేటప్పుడు అండాలు చెప్పింది:
"ఇక్కడ ఎనుక చినుగు ఉండె, అతుకేసిన.
పీకకుండ్రి."

కొత్తవాడల మొదటి రాత్రి
కండెలు చుట్టి చుట్టి వేళ్లు నీలివడ్డ పోరి ఒకతి అడిగింది:
"ఆమె ఎవలు? ఇటు తిరగదా?"
కథల లేదు. తాత చెప్పలే, నాయిన చెప్పలే.
కర్ర అక్కడ ఆగినంక నోరు ఊకుంటదా?
"భద్రావతి చెల్లె" అన్న. "తిరిగితే పోగు తెగుతది."
పరకాలల "శాపం" అన్న.
నర్సంపేటల "అలిగింది" అన్న, బాగ నవ్విండ్రు.
ఒక ఊర్ల, ఏ ఊరో యాదికి లేదు,
పొద్దుగాల లేచి చూస్తే ఆ బొమ్మ కింద
ఒక నూలు కండె, పిడికెడు అటుకులు.

పటం ముసలిదైంది, నా లెక్కనే.
మడత మడతకు ఇరిగింది.
రజాకార్ల గడబిడ సద్దుమణిగినంక
సచ్చిన మనిషికి చేసినట్టు అన్నీ చేసి
కాళేశ్వరం తీస్కపోయి గోదాట్ల ఇడిసినం.
బోర్ల వడి తేలింది.
నీళ్లకు బంక నానింది.
నలభై ఏండ్ల అతుకు మెల్లగ ఊడి
మోదుగాకు లెక్క పక్కకు జరిగింది.

దాని కింద మొఖం.
బట్టకు ఈ దిక్కు వీపు, ఆ దిక్కు మొఖం.
అతుకంత మేరకే అంబలి పట్టించి,
సుద్ద పూసి, మెరుగు పెట్టి,
రెండు కండ్లు.

నా దిక్కు చూస్తలేవు. రుషి దిక్కు చూస్తలేవు.
కిందికి, చేతుల దిక్కు.
చేతిల కండె లేదు, సన్న కుంచె ఉన్నది.
ఏందో నింపుతున్నది.
ఏందో కనవడేలోపల
పటం ఎరుపంత నీళ్లకు ఇడిసింది.

"ఏంది నాయినా, గంత లోపలికి పోయినవ్?"
ఒడ్డు మీదికెళ్లి నా కొడుకు మొత్తుకుంటున్నడు.
నడుం లోతుల ఉన్న.
చేతిల కర్ర ఉన్నది.
ఎటు చూపాల్నో తెల్వలే.