దాగు

పొద్దున్నే రిసాల్దారు మెహ్రాబ్ బేగ్
బక్షీఖానా మెట్ల మీద మూట విప్పిండు.
ఉప్పు రాసి ఎండబెట్టిన జానెడు తోలు,
దాని మీద సర్కారు దాగు,
పక్కన అల్లిన తోక వెంట్రుకలు.
"గుర్రం పోయింది గుండప్పా, రాసుకో."

రాసుకోవాలంటే తేదీ కావాలె.
సిలేదారు కొలువుల గుర్రం వాడిదే, జీను వాడిదే,
మేత వాడిదే.
చచ్చిన దినం నుంచి కోత మాత్రం సర్కారుది.

పదో తేదీ అంటడు కప్తాను.
బొల్లారం మైదానంల నురగ కక్కి పడుతుంటే
తన కళ్లతోటి చూసిండట.
ముప్పయి అంటడు రిసాల్దారు.
పడ్డది నిజమే, ఇరవై దినాలు పడుకునే బతికింది,
పడుకున్న సిపాయి పేరు కొట్టేస్తరా అని.

ఇరవై దినాలంటే ఇరవై ఆరు హాలీ రూపాయలు.
గేటు బయట బేగంబజారు సాహు గుమాస్తా
గొడుగు నీడల కూసొని ఉన్నడు.
నాలుగు నెలల తలబు ఇంకా ఖజానా దాటలే,
వాని చిఠ్ఠాల ఎప్పుడో ఖర్చయిపోయింది.

కప్తానుకు కంపెనీ రూపాయి.
షరాబు బల్ల మీద రెండు రూపాయలు
ఒక్క తీరు మోగవు.
అయినా ఆయనకూ ఉంది పేచీ, బత్తా తగ్గించిండ్రని.
పదకొండు అర్జీలు పంపిండు,
అన్నిటికీ నకలు నేనే తీసిన.
ఆ అక్షరాలు నాకు రావు,
ముగ్గు చూసి ముగ్గేసినట్టు గీసిన.
అంకెలొక్కటే తెలిసినయి,
అవి ఏ అర్జీల చూసినా అవే.

గుర్రం పేరేందని అడిగిన.
ఫర్దుల ఆ గడి లేదు, ఊరికెనే అడిగిన.
"సబ్జా" అన్నడు.
కొంచెం ఆగి,
"నీళ్లు తాగే ముందు నా దిక్కు చూసేది."

తోలు మడిచి మళ్ల మూట కట్టిండు.
వాళ్ల మాటల దాగంటే వాత.
మా అమ్మ ఆ మాట పిల్లలకు చెప్పేది,
పొద్దుగూకి వాకిట్ల అప్పులోడు పిలిచినప్పుడు.

కప్తాను భోజనానికి లేచిండు,
తను చెప్పిందే రాయమని.
రాసిన.
పార్సీ అంకెలు. సున్నా అంటే చుక్క,
ఒకటంటే నిలువు గీత.
ఆ గీత నెత్తిన రెండు పండ్లు పెడితే మూడు.

రిసాల్దారు మెట్లు దిగుతున్నడు.
ఇంకా పచ్చిగనే ఉంది సిరా,
ఇసుక చల్లలే.