ఇరవై బై పది

రాత్రి పదకొండూ ఇరవైకి మొదటి ఫోను:
"గ్రేసమ్మా, మన నాయకుడి తల ఇంకో అరడుగు పెంచు."
పెంచాను.
పావుగంటకి లాంతరు గుర్తువాళ్లొచ్చారు,
నలుగురు, ఒకటే బండి మీద.
మావాడు వాళ్లాయన చెవిదాకానే వచ్చాడేంటని
తెరమీద స్కేలు పెట్టి కొలిచారు.

అంబాజీపేట సెంటర్లో
కొబ్బరి లారీలు ఆగేచోట
వీరభద్రం గారి ఫ్లెక్సు షాపులో
ప్రభుత్వం ఏర్పడుతోంది.
రాజధానిలోనూ ఏర్పడుతోందని టీవీ అంటోంది,
సౌండు తగ్గించాను.

తెరచాపకి డెబ్భయ్యొకటి, లాంతరుకి పద్నాలుగు,
రోకలికి అయిదు.
ఆ అయిదుగురూ దిండి దగ్గర హౌస్‌బోటెక్కి
మూడు రోజులుగా ఒడ్డు తొక్కలేదు.
మా బావ చిట్టిబాబు అక్కడే వంట.
ఒకాయన పీతల కూరలో ఉప్పు తగ్గిందన్నాడట,
ఒకాయన విద్యుత్తు కావాలన్నాడట,
రెండూ సర్దేశారే అని ఫోన్లో నవ్వాడు.

ఎవరి రంగు వాళ్లది. తెరచాపది వంగపండు,
లాంతరుది గంధం, రోకలిది నాచు.
మూడూ కలిసే అంచున ఏం రంగొస్తుందో
నాకూ తెలుసు, మిషనుకీ తెలుసు:
ఆగస్టులో గోదారి.
అది కనపడకుండా బంతిపూల దండొకటి అడ్డం పెట్టాను.
దండ ఏ పార్టీదీ కాదు.

ఒంటిగంటన్నరకి శాఖల జాబితా దిగింది వాట్సాప్‌లో.
పౌర సరఫరాలు రోకలికి.
వడ్లు దంచేది వాళ్లేగా, అనుకున్నాం.
మా మురుగు కాలవలు ఏ శాఖ కిందికొస్తాయని అడిగాను.
నీటిపారుదల, అన్నాడు లాంతరు కుర్రాడు.
పారితేగా, అన్నాడు
టీ తాగుతున్న లారీ క్లీనరు.

సాయంత్రం ఉపముఖ్యమంత్రి ఒకరే.
మూడుంపావుకి ఇద్దరయ్యారు.
ఫ్లెక్సు పెరగదు, తలలే తగ్గాలి.
ఎవరివి తగ్గించాలో ఎవరూ చెప్పరు,
తగ్గినట్టు కనపడకూడదని మాత్రం అందరూ చెబుతారు.

మంత్రుల్లో ఆడమనిషి ఒక్కత్తే.
స్త్రీ శిశు సంక్షేమం, ఇంకేముంటుంది.
ఆవిడ ఫోటో ఎవరి దగ్గరా సరైంది లేదు,
నామినేషనుకి తీయించిన పాస్‌పోర్టు సైజు తప్ప.
పెంచితే ముఖం గళ్లుగళ్లుగా విడిపోతోంది.
చిన్నగానే ఉంచి
పక్కన జానెడు ఖాళీ వదిలాను.
ఎందుకంటే చెప్పలేను. వదిలాను.

నాలుగింటికి మిషను మొదలైంది.
చేయి అటూ ఇటూ తిరుగుతూ
ముందు నుదుళ్లు, తర్వాత కనుబొమలు,
ముక్కుల దాకా వచ్చేసరికి
బల్లమీద అందరూ నిద్రపోయారు.
తెరచాప కుర్రాడి భుజం మీద లాంతరు కుర్రాడి తల.
స్కేలు కింద పడి ఉంది.

అప్పుడొచ్చాడు బొంతు సత్తెయ్య, మాచవరం కౌలురైతు,
సైకిలు స్టాండు వేయకుండా గోడకి ఆనించి.
ఎవరెవరున్నారని చూడలేదు.
చివర పట్టుకుని వేళ్ల మధ్య నలిపి
మందం చూశాడు.
"ప్రమాణాలయ్యాక ఈ గుడ్డ నాకిప్పించమ్మా.
దాళ్వా కుప్ప ఆరలేదు, పైన కప్పాల."
అయిపోగానే అడుగుదాంలే బాబాయ్, అన్నాను.
"ఒక్క మాట. గాలికి చిరక్కుండా
మధ్యమధ్య చీలికలు పెడతారు కదా,
అవి వద్దమ్మా. నీరు దిగుద్ది."

చీలికలు లేకపోతే
మూడు రోజుల్లో ఈదురుగాలి లాగేస్తుంది,
వీరభద్రం గారికి మాటొస్తుంది.
బ్లేడు తీసి, ముఖాల మధ్య
చోటెక్కడుందా అని వెతికాను.
ఆవిడ పక్కన నేను వదిలిన జానెడే కనిపించింది.

తూర్పున తెల్లారాల్సిన చోట మబ్బుంది.
బ్లేడు సొరుగులో పడేశాను.
కుప్ప ఎక్కడేశావు బాబాయ్,
మెరకలోనా పల్లంలోనా, అనడిగాను.