చుక్క తర్వాత

నకిరేకల్ రోడ్డు మీద రంపం మిల్లు.
వెనక రేకుల గదిల నేనూ, ఒక పాత కంప్యూటరూ.
కీబోర్డు సందులల్ల పొట్టు నిండి
సున్న ఒక్కసారి నొక్కితే రెండు మాట్ల పడుతది.

దర్వాజ కొలతలు కొట్టిన.
తెర మీద 23.625 అని తేలింది.
కాగితం తీస్కపోయి వడ్ల సోమాచారి చేతుల పెట్టిన.
ఆయన కండ్లద్దాలు నొసటి మీదికి జరిపి
టేపు బారెడు గుంజి అడిగిండు:
"గీ అంకె నా టేపుల యాడున్నదో చూపియ్యి బిడ్డా."

టేపుల గీతలున్నయి. చుక్క లేదు.
ఇంచుకు ఎనిమిది సూతులు.
ఆయన బొటనవేలి గోరు ఐదో గీత మీద ఆగింది.
"ఇర్వై మూడు ఇంచులు, ఐదు సూతులు.
గింతదానికి గంత తోకెందుకు?"

ఆ రాత్రి తోక కోసే పని పెట్టుకున్న.
పైథాన్‌ల నాలుగు వరుసలు.
పూర్ణాంకాన్ని తీసి పక్కకు కూసోబెట్టు,
మిగిలినదాన్ని ఎనిమిదితోటి హెచ్చవెయ్యి,
దగ్గరున్న అంకెకు సర్దు,
పైదాన్నీ కిందిదాన్నీ ఏది భాగిస్తదో
దానితోటి రెంటినీ కొట్టెయ్యి.
ఐదో తరగతిల పలక మీద చేసిందే.
అప్పుడు కొట్టేసిన అంకెల మీద సారు గీత పడేది,
ఇప్పుడు ఎర్రక్షరాలు పడుతున్నయి.

తెల్లారి మొదటి కాగితం మీదనే
41 8/8.
సోమాచారి నవ్వలేదు.
చెవి మీది పెన్సిలు తీసి ఆ భిన్నాన్ని అడ్డంగ కొట్టేసిండు.
"కుండ నిండినంక ఎంత నిండిందని అడుగుతరా?
నలభై రెండు రాయి."

ఇంకో వరుస కలిపిన:
పైదీ కిందిదీ సమానమైతే
పూర్ణాంకానికి ఒకటి ఇచ్చి భిన్నం పక్కకు తప్పుకోవాలె.

17 3/4 ని ఆయన పెద్దగ చదివిండు:
"పావు తక్కువ పద్దెనిమిది."
నా లెక్క కింది మెట్టు నుంచి ఎక్కుతది,
ఆయన నాలుక పై మెట్టు నుంచి దిగుతది.
అట్ల గూడ రాయొచ్చు. రాయలేదు.
ఆ మాట ఆయన నోట్ల ఉంటేనే మంచిగున్నది.

పొద్దుగూకే యాళ్ళకు జంగమ్మ వచ్చింది,
రెండు దర్వాజలకు బయానా ఇయ్యనీకి.
పైసలతోటి పాటు పాలిథిన్ కవర్ల నుంచి
పాస్‌బుక్కు బయటికొచ్చింది.
"నీ మిషన్ల గిది గూడ వెయ్యి పిల్లా. ముగ్గురం పంచుకోవాలె."

విస్తీర్ణం: 2.20.
వేసిన.
2 1/4.
"రెండుంబావు ఎకరాలు, జంగమ్మా."

ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి నా మొకం చూసింది.
"నా పావెకరం యాడికి పోయింది?"

నలభై గుంటలైతే ఎకరం.
ఇర్వై గుంటలంటే అరెకరం.
నాకు తెల్వంది కాదు, మా తాత పట్టాల గూడ గిట్లనే ఉంటది.
చుక్క కనవడంగనే పదులు, వందలు అనుకున్న.
"చుక్క గాదమ్మా అది, గెట్టు" అన్నది జంగమ్మ.
"గెట్టు అవుతల ఏ లెక్క నడుస్తదో
దిగినోళ్ళకే తెలుస్తది."

ఎనిమిది తీసి నలభై పెట్టిన.
రెండున్నర. మొత్తం నూరు గుంటలు.
నూరు కొడితే పదివేలు పడ్డది;
పొట్టు ఊది రెండు సున్నలు చెరిపిన.
మూడుతోటి భాగిస్తే
33.333333333333336,
చివరి ఆరు యాడికెల్లి వచ్చిందో
యంత్రం చెప్పలేదు, జంగమ్మ అడగలేదు.

వేళ్ళ గనుపుల మీద ఆమె లెక్క అప్పటికే అయిపోయింది.
"అక్కకు ముప్పై మూడు. తమ్మునికి ముప్పై మూడు.
నాకు ముప్పై మూడు.
మిగిలిన గుంటల బోరున్నది.
దాన్ని కొయ్యం."

భిన్నం వచ్చేకాడ శాతం గుర్తు పెట్టిన,
పైథాన్‌ల అది శేషాన్ని పట్టుకుంటది.
ప్రింటరు గరగరమని మూడు వరుసలు అచ్చేసి
నాలుగో వరుస కాడ కాగితం ఇరికింది.
గుంజితే సగమే వచ్చింది:
శేషం 1, బో